మూడు ఊళ్లు... మూడు కంప్యూటర్లు... ఒక పెంగ్విన్!

"ఏందబ్బీ ఇది? పొద్దున స్విచ్ వేస్తానే నోటీసు చూపిస్తాంది. కరెంటోళ్లు కూడా ఇన్నిసార్లు ఇయ్యరు!"

2025 దసరాకి ప్రొద్దుటూరు వచ్చి, ఇంట్లో బ్యాగు పడేసి, చిన్నాయన డీటీపీ షాపుకి పోగానే ఆయన నన్ను పలకరించిన తీరు ఇది. బయట వీధంతా పండగ జనం. లోపల చిన్నాయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని స్క్రీన్ వైపు కోపంగా చూస్తున్నాడు. విండోస్ 10కి అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోతుందని అందులో ఉంది.

విండోస్ 10 వచ్చింది 2015 జులైలో. పదేళ్లు గడిచాక, 2025 అక్టోబర్ 14 నుంచి మామూలు ఉచిత అప్‌డేట్లు ఆపేస్తామని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. ఆపేయడమంటే ఆ రోజుతో కంప్యూటర్ ఆగిపోవడం కాదు. తలుపుకి తాళం ఉంటుంది. ఆ తాళంలో ఏదైనా లోపం బయటపడితే బాగుచేయడానికి ఇక ఎవరూ రారు, అంతే. ఇళ్లలో వాడుకునే కంప్యూటర్లకి, నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా ఇంకో ఏడాది గడువు కూడా ఇచ్చారు.

మరి విండోస్ 11కి మారొచ్చు కదా? దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఇంచుమించు ఎనిమిదో తరం నుంచి పైవే పనికొస్తాయి. చిన్నాయన మిషన్ నాలుగో తరం. కొత్తది కొందామంటే పెళ్లిళ్ల సీజన్ ముందు అంత డబ్బు బయటికి తీసే పరిస్థితి లేదు.

"లినక్స్ వేద్దాం చిన్నాయనా. పైసా ఖర్చు లేదు" అన్నా గొప్పగా.

నేను అంత ధీమాగా అనడానికి కారణం ఉంది. ఉద్యోగంలో నేను రోజూ తిట్టుకుంటూ, మెచ్చుకుంటూ పనిచేసేది లినక్స్ సర్వర్ల మీదే. 1991లో లినస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ కుర్రాడు, అప్పటికి ఇరవయ్యొక్కేళ్ల విద్యార్థి, సరదాగా మొదలుపెట్టిన పని అది. అంతకుముందే 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టిన గ్నూ ప్రాజెక్టు దానికి తోడైంది. ఈరోజు మన ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నదీ లినక్సే. ప్రపంచంలో అతి వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబర్ నుంచి అన్నీ లినక్స్‌వే. దాని గుర్తు పెంగ్విన్ బొమ్మ.

ఇదంతా చెప్తే చిన్నాయన నవ్వాడు. "సూపర్ కంప్యూటర్ సంగతి నాకెందుకబ్బీ? నాది కార్డులు కొట్టే మిషన్. ముందు యాడన్నా చేసి చూపియ్. ఆ తర్వాత దీని మీద చెయ్యి పెడుదువు."

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లకి పేరుపడ్డ ఊరు. గీటురాయి మీద గీసి చూడకుండా నగ తీసుకోరు. చిన్నాయన మాట కూడా అలాంటిదే.

జమ్మలమడుగు: రెండు పేజీలు మూడైన కథ

గీటురాయి దొరకడానికి ఎన్నో రోజులు పట్టలేదు. పండగయ్యాక ఆదివారం జమ్మలమడుగులో పెద్దమ్మ ఇంటికి పోయా. అక్క బడిలో టీచర్. ఆమె ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే, పెద్దమ్మ బొరుగులు తిరగమాత పెట్టి, మిరపకాయ బజ్జీలు తీసి తెచ్చేదాకా తెరుచుకోలేదు. నాలుగు జీబీ ర్యామ్, పాత తిరిగే హార్డ్ డిస్క్.

అక్క దాంతో చేసే పనులేంటో ఒక కాగితం మీద రాయమన్నా. ప్రశ్నపత్రాలు టైప్ చేయడం, మార్కుల పట్టిక, యూట్యూబ్‌లో పాఠాలు, అప్పుడప్పుడు ప్రింటు. నాలుగే. ఈ నాలుగూ లినక్స్‌లో హాయిగా అవుతాయి.

లినక్స్‌లో రకాలు చాలా ఉన్నాయి. విండోస్ అలవాటున్నవాళ్లకి తికమక లేకుండా ఉండేది లినక్స్ మింట్. దాంట్లోనే ఎక్స్ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రకం పాత మిషన్లకి సరిగ్గా సరిపోతుంది. దాదాపు మూడు జీబీ ఫైల్. డౌన్‌లోడ్ చేసి ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంటే చాలు. ఇందులో గొప్ప సౌకర్యం ఏమంటే, ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడొచ్చు. వైఫై వస్తోందా, సౌండ్ వస్తోందా, ప్రింటర్ కదులుతోందా, అన్నీ పరీక్షించి, నచ్చకపోతే పెన్‌డ్రైవ్ పీకేస్తే పాత విండోస్ ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. నేను చెప్పిన గీటురాయి ఇదే.

అక్క ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి కాపీ చేశాం. అరగంటలో ఇన్‌స్టాల్ అయిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే ఈసారి బజ్జీ చల్లారేలోపే తెరుచుకుంది. పెద్దమ్మ కూడా వచ్చి చూసింది.

అయితే ఒక చిక్కు వచ్చింది. అక్క వర్డ్‌లో చేసుకున్న తెలుగు ప్రశ్నపత్రం లిబ్రేఆఫీస్‌లో తెరిస్తే రెండు పేజీలది మూడు పేజీలైంది. చివరి ప్రశ్న ఒక్కటే మూడో పేజీలోకి జారిపోయింది. "ఒక్క ప్రశ్న కోసం పిల్లోళ్లందరికీ ఇంకో కాగితం ఇయ్యాల్నా?" అంది అక్క.

కారణం చిన్నదే. ఆమె వాడిన గౌతమి ఫాంట్ విండోస్‌తో పాటు వచ్చేది. లినక్స్‌లో అది లేక, ఉన్న ఇంకో తెలుగు ఫాంట్‌తో చూపించింది. దాని అక్షరాలు కాస్త పెద్దవి. సిలికానాంధ్ర వాళ్లు అందరూ ఉచితంగా వాడుకునేలా విడుదల చేసిన తెలుగు ఫాంట్లు చాలా ఉన్నాయి: మండలి, గిడుగు, సూరన్న, రామభద్ర, ఇంకా ఎన్నో. మండలి దించి, సైజు ఒకటి తగ్గించా. మళ్లీ రెండు పేజీలే. ప్రింటుకి పంపేటప్పుడు పీడీఎఫ్ చేసుకుంటే ఏ కంప్యూటర్‌లో తెరిచినా అట్లాగే ఉంటుందని చెప్పా.

ఫాంట్ అనే ఈ చిన్న ముల్లు ఆరోజు నా కాలికి తగిలింది. నేను పట్టించుకోలేదు. రెండు రోజుల తర్వాత అదే ముల్లు లోతుగా దిగింది.

పులివెందుల: ఒక ఇంటికి రెండు తలుపులు

మర్నాడు ముద్దనూరు మీదుగా పులివెందుల. పిన్ని కొడుకు ఇంజనీరింగ్ రెండో ఏడాది. 2006లో జేఎన్‌టీయూ కాలేజీ వచ్చినప్పటి నుంచి ఈ ఊళ్లో ఇంజనీరింగ్ పిల్లలకి కొదవ లేదు, ల్యాప్‌టాప్‌లకీ కొదవ లేదు. మావాడి ల్యాప్‌టాప్ ఏడో తరం ప్రాసెసర్. ఒక్క మెట్టు కింద ఆగిపోయి విండోస్ 11 అర్హత పోగొట్టుకుంది.

వాడు రాసిచ్చిన జాబితా వేరేగా ఉంది. సీ, పైథాన్, జావా. ఇవన్నీ లినక్స్‌లో ఇంకా బాగా నడుస్తాయి. ఆ తర్వాత కాస్త నసిగి, "అన్నా, వాలరెంట్ కూడా..." అన్నాడు. ఆ ఆట లినక్స్‌లో నడవదు. మోసాన్ని పట్టే దాని సాఫ్ట్‌వేర్ విండోస్‌నే అడుగుతుంది. పక్కగది స్నేహితుడికేమో ఆటోక్యాడ్ కావాలి. అదీ లినక్స్‌కి రాలేదు.

ఇట్లాంటివాళ్లకి ఉన్న దారి డ్యూయల్ బూట్. అంటే ఒకే డిస్కులో విండోస్ ఒక భాగం, లినక్స్ ఒక భాగం. ఆన్ చేయగానే ఏది కావాలని అడుగుతుంది. దీనికి ముందు రెండు జాగ్రత్తలు తప్పనిసరి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయాలి. లేకపోతే విండోస్ సగం నిద్రలో ఉండి, దాని డ్రైవులో లినక్స్‌ని రాయనివ్వదు. రెండోది, బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ఆ నంబరు లేకుండా డిస్కులో వేలు పెడితే సొంత ఇంటికి మనమే బయట నిలబడాల్సి వస్తుంది.

పని అయిపోయాక పిన్నికి చూపించా. ఆమె కాసేపు చూసి, "అంటే చదువుకి ఒక తలుపు, ఆటకి ఒక తలుపు పెట్టినావు. మంచిదే నాయనా. ఇంక వీడు ఏ తలుపులో దూరినాడో నాకు తెలిసిపోతాది" అంది. తమ్ముడు నావైపు చూసిన చూపు చెప్పనలవి కాదు.

రెండు ఊళ్లలో రెండు విజయాలు. తల కాస్త ఎగరేసుకునే ప్రొద్దుటూరు బస్సెక్కా.

మళ్లీ ప్రొద్దుటూరు: పెళ్లికూతురి పేరు ఏమైంది?

మంగళవారం రాత్రి షాపు కట్టేశాక పని మొదలుపెట్టా. పాత హార్డ్ డిస్క్ విప్పి, కొత్త ఎస్ఎస్‌డీ బిగించి, మింట్ ఎక్కించా. పాత డిస్కులోని డీ డ్రైవ్ మొత్తం, అంటే పద్దెనిమిదేళ్ల పెళ్లికార్డులు, కరపత్రాలు, రసీదు పుస్తకాలు, కర్మక్రియల ఆహ్వానాలు, అన్నీ కొత్తదాంట్లోకి కాపీ చేశా. పాత డిస్కుని పాలిథిన్ కవర్‌లో చుట్టి, షాపులో లక్ష్మీదేవి పటం వెనక పెట్టా. ఇప్పుడు తలచుకుంటే ఆ రాత్రి నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

పొద్దున పదికి ఒక పెద్దమనిషి వచ్చాడు. కూతురి పెళ్లి. ముహూర్తం టైం మారింది, కార్డులో మార్చి ఇంకో రెండొందలు సాయంత్రానికి కావాలన్నాడు. చిన్నాయన దర్జాగా కుర్చీలో కూర్చుని, "మావోడు కొత్తది వేసినాడు సామీ, చూడు స్పీడు" అని ఫైల్ తెరిచాడు.

అది పేజ్‌మేకర్ ఫైల్. లిబ్రేఆఫీస్ దాన్ని తెరిచింది కూడా. వినాయకుడి బొమ్మ ఉంది. అంచు పూలు ఉన్నాయి. పెళ్లికూతురి పేరు ఉండాల్సిన చోట మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, శాతం గుర్తులు, నెత్తి మీద చుక్కలున్న ఏవో యూరప్ అక్షరాలు. పెళ్లికొడుకు పేరు అంతే. ముహూర్తం అంతే. కార్డంతా అంతే. ఇంకో ఫైల్ తెరిచాం. అదీ అంతే.

పెద్దమనిషి మొహంలో రంగు మారింది. చిన్నాయన ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు కష్టంగా ఉంది.

జరిగిందేమంటే, నేను ఫైళ్లు తెచ్చా, ఫాంట్లు తేలేదు. అవి సీ డ్రైవ్‌లో ఉండేవి. కానీ అసలు సంగతి అంతకంటే లోతైనది.

కంప్యూటర్‌కి అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ప్రపంచ భాషలన్నిటికీ ఒకే పట్టికలో అంకెలు కేటాయించిన పద్ధతి యూనికోడ్. అందులో 'అ' అంటే 3077, 'క' అంటే 3093. ఏ ఫోన్‌లోనైనా, ఏ కంప్యూటర్‌లోనైనా ఆ అంకెకి ఆ అక్షరమే. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగు ఉంది. కానీ అది మన షాపుల దాకా రావడానికి ఏళ్లు పట్టింది. ఆలోపు తెలుగు డీటీపీ ఆగలేదు. అను ఫాంట్ల వంటివాటితో పత్రికలు, పుస్తకాలు, పెళ్లికార్డులు లక్షలుగా అచ్చయ్యాయి. ఆ కాలపు ఫాంట్లలో చేసిన ఉపాయం ఇది: ఇంగ్లిష్ అక్షరాలకీ గుర్తులకీ ఉన్న 256 గళ్లలోనే తెలుగు ముక్కల్ని, అంటే తలకట్లు, గుడులు, కొమ్ములు, వత్తుల్ని బొమ్మలుగా సర్దేశారు.

వీధినాటకంలో వేషం లాంటిదన్నమాట. చూసేవాళ్లకి శ్రీకృష్ణుడే. కిరీటం తీస్తే లోపల ఉన్నది మన పక్కింటాయన. ఫాంట్ అనే వేషం ఉన్నంతసేపు అది తెలుగు. ఆ ఫాంట్ లేని మిషన్‌లోకి పోగానే వేషం ఊడి, లోపలి ఇంగ్లిష్ గుర్తులు బయటపడ్డాయి.

ఇది చిన్నాయనకి వివరించా. ఆయన చాలాసేపు స్క్రీన్ వైపే చూశాడు. "పద్దెనిమిదేండ్లుగా నేను తెలుగే కొడతాండా అనుకున్యా. అది తెలుగని కంప్యూటర్‌కే తెలీదంటావు" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. లేచి లక్ష్మీదేవి పటం వెనక్కి చెయ్యి పెట్టా. పాత డిస్క్ మళ్లీ బిగించా. విండోస్ తన పాత నిదానంతోనే తెరుచుకుంది. పెళ్లికూతురి పేరు వచ్చింది. సాయంత్రానికి రెండొందల కార్డులు ఇచ్చేశాం.

మారేముందు...

ఆ రోజు నేను నేర్చుకున్నది ఇది. ఆపరేటింగ్ సిస్టం మార్చడం ఇల్లు మారడం లాంటిదే. సామాన్లు లారీ ఎక్కిస్తే చాలదు. పాలవాడు, పేపరువాడు, పిల్లల బడి కూడా చూసుకోవాలి. మీరూ మారాలనుకుంటే నా మాటగా ఇవి గుర్తుపెట్టుకోండి.

ముందు కాగితం మీద మీరు రోజూ చేసే పనులు రాయండి. ఒక్కో పనికి లినక్స్‌లో ఏముందో చూడండి. టాలీలో లెక్కలు రాసే అంగడి, వేలిముద్ర మిషన్లతో నడిచే సేవా కేంద్రం, పాత ఫాంట్లతో నడిచే డీటీపీ... ఇలాంటిచోట తొందరపడొద్దు. వాళ్ల సాఫ్ట్‌వేర్ ఎక్కువగా విండోస్‌నే నమ్ముకుని ఉంటుంది.

పెన్‌డ్రైవ్ నుంచి కనీసం రెండు మూడు రోజులు నడిపి చూడండి. మీ ప్రింటర్ పనిచేస్తేనే ముందుకు పోండి.

బ్యాకప్ అంటే ఫైళ్లు ఒక్కటే కాదు. ఫాంట్లు, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు, డెస్క్‌టాప్ మీద పడేసిన కాగితాలు, అన్నీ. వీలైతే పాత డిస్కుని చెరపొద్దు. విప్పి పక్కన పెట్టండి.

పెద్ద పెద్దవాళ్లకే ఇది సులువు కాలేదు. జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ ఏళ్ల తరబడి కష్టపడి 2013 నాటికి దాదాపు 15 వేల కంప్యూటర్లని లినక్స్‌కి మార్చింది. మళ్లీ 2017లో విండోస్‌కే పోదామని తీర్మానించింది. ఇంకోవైపు మన పక్కనే కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్లుగా లినక్స్ మీదే కంప్యూటర్ పాఠాలు నేర్చుకుంటున్నారు. తేడా ఎక్కడంటే, అక్కడ పిల్లల చేతివేళ్లు మొదటి నుంచీ దానికే అలవాటయ్యాయి.

లోపల కూడా తెలుగే

చిన్నాయన వేళ్ల సంగతి? పద్దెనిమిదేళ్ల అలవాటు. కీబోర్డు చూడకుండా కొడతాడు. ఆయన్ని కొత్త లేఅవుట్ నేర్చుకోమనడం అంటే నన్ను ఎడమచేత్తో రాయమనడమే.

షాపు మూలన పాడైందని పక్కన పడేసిన ఇంకో మిషన్ ఉంది. బెంగళూరు బస్సెక్కే ముందురోజు, మిగిలిన ఆ ఎస్ఎస్‌డీని దానికి బిగించి మింట్ ఎక్కించా. పాత మిషన్‌కి నెట్ వైరు పీకేశాం. అది ఇక పాత కార్డులకీ డిజైన్లకీ మాత్రమే. హాల్‌టికెట్లు, దరఖాస్తులు, ఈమెయిళ్లు, నెట్‌తో పనున్నవన్నీ కొత్తదాని మీద. రెంటికీ మధ్య ఒక పెన్‌డ్రైవ్.

లినక్స్‌లో తెలుగు కీబోర్డులు వెతుకుతుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్టీఎస్, పోతన వీటి పక్కన 'ఆపిల్' కూడా కనిపించింది. చిన్నాయన ఇన్నేళ్లూ కొట్టింది ఆ లేఅవుటే. పెట్టి, "కొట్టి చూడు చిన్నాయనా" అన్నా.

ఆయన ఏం కొడతాడో నాకు ముందే తెలుసు. డీటీపీ మనిషి వేళ్లు వాటంతటవే పోయేది దానికే. శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. ఒకటి రెండు వత్తుల దగ్గర తడబడ్డాడు. మళ్లీ కొట్టాడు. వచ్చింది.

నేను ఫాంట్ రామభద్రకి మార్చా. అక్షరాలు లావయ్యాయి. సూరన్నకి మార్చా. సన్నబడ్డాయి. వెతికే గడిలో 'శుభ' అని తెలుగులోనే కొట్టమన్నా. కొట్టాడు. కంప్యూటర్ శుభమస్తు దగ్గర పసుపురంగు పూసి చూపించింది. ఆయన కళ్లజోడు కిందికి దించుకుని దగ్గరికి వంగాడు.

"పెండ్లికార్డుకి ఈ ఫాంట్లు చాలవు అబ్బీ. ఇంకా సోకైనవి కావాల" అన్నాడు మొదట. అది నిజమే. పాతవాటిలో ఉన్నన్ని వగలు ఉచిత ఫాంట్లలో ఇంకా లేవు.

తర్వాత ఇంకో ఫాంట్‌కి మార్చి, ఆ ఫాంట్‌ని ఆయన కళ్ల ముందే తీసేశా. ఫైల్ మళ్లీ తెరిచా. అక్షరాల ఆకారం మారింది గానీ శ్రీరస్తు శ్రీరస్తుగానే ఉంది.

చిన్నాయన కుర్చీ వెనక్కి వాలాడు. "ఏ వేషం తీసినా లోపల తెలుగే ఉండాది చూడు" అని, ఆ ఫైల్‌ని తనే సేవ్ చేశాడు.